కుడిపక్క పాలు

రచనకు ఆడపిల్ల పుట్టింది. పాపతోపాటే ఆ ఇంట్ల డాక్టర్లు గూడ పుట్టిన్రు. తేడా ఒక్కటే, పాపకు ఇంకా మాటలు రాలే.

రచన పుట్టిల్లు సిరిసిల్ల. ముందర రెండు గదులు, వెనుక రేకుల షెడ్డుల తండ్రి భూమయ్య నడిపే మరమగ్గాలు. వాటిని అక్కడ సాంచాలంటరు. సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషికి మాట వినపడాల్నంటే ఒర్రాలె. ఒర్రి ఒర్రి అదే అలవాటై, కరెంటు పోయి సాంచాలు ఆగినా ఆ ఇంట్ల ఎవ్వరి గొంతు దిగదు. రహస్యాలు గూడ అదే గొంతుతోని చెప్పుకుంటరు. పాలిచ్చేటప్పుడు రచన ఏడుస్తున్నదన్న రహస్యం మొదలు వాడకు తెలిసింది, తర్వాత కోరుట్లల ఉన్న అత్తకు తెలిసింది, ఆఖరుకు పక్క గదిల కూసున్న భూమయ్యకు తెలిసింది.

ఏడుపు మాత్రం నిజమే. పురుటి నొప్పుల గురించి నెలల కొద్ది భయపెట్టిన ఆడోళ్లల్ల ఒక్కరు గూడ పాలిచ్చే నొప్పి గురించి నోరు తెరువలే. బీకాం చదివిన రచన, పాలిచ్చుడంటే ఆస్పత్రి గోడ మీది బొమ్మ లెక్క ఉంటదనుకున్నది. తల్లి నవ్వుతుంటది, పాప తాగుతుంటది, వెనుక సూర్యుడు గూడ పొడుస్తుంటడు. ఆ బొమ్మ గీసినాయన మొగాయనే అయి ఉంటడని ఆమెకు ఇప్పుడు గట్టి అనుమానం.

పాప నోరు పెట్టంగనే చనుమొన మీద ఎవరో కొత్త బ్లేడుతోని గీరినట్టయితది. కాలివేళ్లు ముడుచుకపోతయి. మొన పగిలి, పగులు మీద పొక్కు కట్టి, ఆ పొక్కు మల్ల పాప నోట్లనే ఊడిపోతది. పాప నిద్రల మూలిగినా సరే, రచన గుండె జల్లుమంటది. పాప ముద్దుగనే ఉన్నది. పాప ఆకలే ముద్దుగ లేదు. ఇట్ల అనుకున్నందుకు ఇంకొక విడత ఏడుపు.

"తొలిచూలు గదనే, గట్లనే ఉంటది. ఓర్సుకోవాలె," అన్నది తల్లి సంధ్యారాణి.

"ఎన్ని రోజులే అమ్మా?"

"ఏమో. నువ్వు పుట్టినప్పుడు ఓర్సుకున్నది యాదికున్నది గని, ఎన్ని రోజులో యాదికి లేదు."

పక్కింటి సయీదా బేగం జాకెట్లు కుడుతది. కొలతలు తీసుకునే చూపుతోనే రచనను కిందికి మీదికి చూసి, "నీళ్లు తాగు బేటీ. నీళ్లు లేకుంటే పాలెక్కడికెళ్లి వత్తయి?" అన్నది. ఆమె అటు పోంగనే సంధ్యారాణి చెంబు తీసి అవుతల పెట్టింది. "బాలింతకు గన్ని నీళ్లియ్యద్దు, పొట్ట ఊరుతది." నీళ్లు తాగాల్నా వద్దా అన్నది తేలేదాక రచన చెంబునే చూసుకుంట కూసున్నది.

భర్త సంపత్‌కు కోరుట్ల బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉన్నది. ఆ పని ఆయన వీడియోలు చూసే నేర్సుకున్నడు. అందుకే వీడియోలు చూసి నేర్సుకోలేనిది లోకంల ఏదీ లేదని ఆయన నమ్మకం.

"రచనా, పాపను ఫుట్‌బాల్ లెక్క చంకల ఇరికించుకోవాలట. గా వీడియోల చెప్తాండ్రు," అన్నడు ఫోన్ల.

"వాళ్లకేంది, వాళ్ల చేతుల ప్లాస్టిక్ బొమ్మున్నది. దానికి ఆకలైతదా?"

"మల్లొకసారి చూడు, లింకు పంపిన."

"నువ్వే ఒకసారి ఇటొచ్చి చూడు. లింకు నేను పంపాల్నా?"

వీళ్లందరి మీద పెద్ద డాక్టరు బాపమ్మ, అంటే భూమయ్య తల్లి నర్సవ్వ. ఆ వాడల ఎవరింట్ల కాన్పయినా నడికట్టు కట్టేది ఆమెనే. కాన్పయిన మనిషి నడుముకు, పొట్టకు బట్ట చుట్టి బిగించకుంటే పొట్ట జారుతదని, ఒంట్ల గాలి చొరుతదని పాత నమ్మకం. వేరే ఇండ్లల్ల పాత చీరె చుట్టి ఊకుంటరు. నర్సవ్వ పుట్టుకతోనే మగ్గం మనిషి. పాత చీరె మెత్తగుంటదని ఆమెకు గిట్టదు. మగ్గం మీదికెళ్లి అప్పుడే కోసిన, నీళ్లు తాకని, గంజి దిగని నూలు బట్ట కావాలె. గోడకు కాలు తన్నిపెట్టి, పడుగు గుంజినట్టు గుంజి, చుట్టు మీద చుట్టు తిప్పుతది. తుంటికాడ మొదలువెట్టి చంకలు వచ్చేదాక ఆగదు. "పోగు వదులైతే బట్ట చెడుతది, కట్టు వదులైతే మనిషి చెడుతది." ఆమె వైద్యం మొత్తం ఈ ఒక్క మాటల ఉన్నది.

పాలిచ్చేటప్పుడు రచన పై చుట్టును కొంచెం కిందికి నొక్కి రొమ్మును బయటికి తీసుకోవాలె. పాప తాగినంక నర్సవ్వ వచ్చి మల్ల సరిచేస్తది. నొప్పి అన్న మాట వినపడితే చాలు, ఆమె చేయి సక్కగ కట్టు మీదికే పోతది.

"గిదేందే, గింత వదులైంది! నొయ్యక ఏమైతది?" అని ఇంకొక బెత్తెడు గుంజుతది.

"ఊపిరాడుతలేదు బాపమ్మా."

"పండుకొనే ఉంటివి గదా, గంత ఊపిరి ఏం చేసుకుంటవే?"

దీనికి జవాబు బీకాంల చెప్పలే.

కోరుట్ల నుంచి అత్త మొగిలవ్వ దినాం పొద్దున ఫోన్ చేస్తది. వియ్యపురాండ్లు ఇద్దరు ఒకరినొకరు "వదినా" అని ఎంత తియ్యగ పిలుచుకుంటరంటే, ఆ తీపికి ఎవ్వరికైనా అనుమానం వస్తది.

"వదినా, కోడలికి గోకరకాయ గిట్ట పెట్టిన్రా?" అని ఒకనాడు అడిగింది మొగిలవ్వ. గోకరకాయంటే గోరుచిక్కుడు, అది తింటే పాలు తగ్గుతయని నమ్మకం.

"అయ్యో, బాలింతకు గోకరకాయ ఎవలన్న పెడుతరా వదినా?" అన్నది సంధ్యారాణి.

"ఏమో వదినా, నాకెందుకో గట్లనే అనిపించింది. పాలు సరిగ దిగుతలెవ్వంటాన్రు, పాప ఒక్కతీరుగ ఏడుత్తాందంటాన్రు. పాలు సాలుతలెవ్వు గావచ్చు. తొట్టెలల వేసే నాటికి నేనత్త గదా, పాల డబ్బ పట్టుకొనే వత్త. నా చేతులతోనే మొదలువెడుత. ఇగ మీకు రంది లేదు."

ఫోను స్పీకర్ల ఉన్నది. ఆ ఇంట్ల స్పీకర్ల లేని ఫోను ఉండదు. పక్కల పండుకున్న రచన ఆ మాట విన్నది. అమ్మగ తనకు దొరికిన ఒక్క పని, అది గూడ చేతకాలేదని కోరుట్ల నుంచి తీర్పు వచ్చిందన్నట్టు. డబ్బ వద్దు, నేనే ఇస్త అనుకున్నది. అంతల పాప కండ్లు తెరిచి మూతి చప్పరించింది. వెంటనే రచనకు ఆ డబ్బ ఇప్పుడే, ఈ నిమిషమే ఉంటే బాగుండనిపించింది. డబ్బ వస్తదంటే ఏడుపు, రాలేదంటే ఏడుపు. తనకేం కావాల్నో తనకే తెలువనప్పుడు మనిషి ఎవరి మీద కోపం చేసుకోవాలె? సంపత్ మీద చేసుకున్నది. ఆయన ఇంకొక లింకు పంపిండు.

తర్వాత ఒకనాడు పొద్దున లేచేసరికి రచన కుడి రొమ్ము రాయి లెక్కయింది. చంకదిక్కు ఒకచోట నిమ్మకాయంత గడ్డ, దాని మీద చర్మం ఎర్రగ, ముట్టుకుంటే కాలుతున్నది. ఒళ్లంత వణుకు, జొరం. పాపను అటుపక్క పట్టబోతే ప్రాణం పోయినట్టయి చేయి వెనక్కి తీసుకున్నది.

"ఆ పక్క ఇయ్యకు బిడ్డా. జొరం పాలు పాపకు పడయి," అన్నది సంధ్యారాణి.

"ఇయ్యకుంటే ఇంకా గట్టిపడుతది గదనే?"

"ఇస్తే పాపకు జొరమత్తది."

"మరేం చేద్దమే?"

"గదే నేను గూడ చూత్తాన్న."

నర్సవ్వ వచ్చి గడ్డను వేలితో నొక్కి చూసింది. రచన కేక వేసింది. "దిష్టి తాకింది," అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిల వేసింది. ఘాటుకు ఇంట్ల అందరు దగ్గిన్రు. దగ్గితే దిష్టి లేనట్టా, ఉన్నట్టా అని అత్తాకోడండ్లకు, అంటే నర్సవ్వకు సంధ్యారాణికి, కొంచెంసేపు వాదన నడిచింది. తర్వాత నర్సవ్వ మల్ల కట్టు బిగించింది.

సంపత్ దోస్తు కారు అడుక్కొని మధ్యాహ్నానికల్ల వచ్చిండు. భార్య మొహం చూసినంక లింకుల మాట ఎత్తలే. "జగిత్యాల పోదాం, నడువు," అన్నడు.

జగిత్యాల ఎందుకంటే, అక్కడ ఒక పెద్ద డాక్టరమ్మ ఉన్నది. మొగిలవ్వకు ఆమె మీద గట్టి నమ్మకం. సంపత్ ఆమె చేతులల్లనే పుట్టిండు. పుట్టినంక సంపత్ ఎట్ల తయారైండో చూసి గూడ మొగిలవ్వకు ఆ నమ్మకం చెదరలే. తను కోరుట్ల నుంచి బస్సుల వచ్చి ఆస్పత్రికాడ కలుస్తనన్నది.

సంధ్యారాణితోపాటు నర్సవ్వ గూడ కారెక్కింది. ఎక్కే ముందు, దారిల కుదుపులకు ఒళ్లు కదులుతదని, రచనకు కట్టు విప్పి మల్ల మొదటికెళ్లి కట్టింది. ఈసారి గోడకు రెండు కాళ్లు తన్నింది.

వేములవాడ దాటిన్రో లేదో నర్సవ్వకు కడుపుల తిప్పుడు మొదలైంది. "నాకు కార్లు పడక కాదు. ఈ పిలగాడు బండి నడుపుడు పడుతలేదు," అని మనుమరాలి మొగని మీదికి నెట్టింది. కారు ఆగుకుంట ఆగుకుంట జగిత్యాల చేరింది. రచన కిటికీకి తల ఆనించి, ఎడమపక్క పాపను పట్టుకొని, కుడిపక్క ఎవ్వరి చేయి తాకకుంట ఒదిగి కూసున్నది. పాలు తనయి, పాప తనది, నొప్పి తనది. అయినా ఇందుల ఒక్కటి గూడ తనకెందుకు అర్థమైతలేదో ఆమెకు అంతుపట్టలే.

ఆస్పత్రికాడ మొగిలవ్వ ముందే వచ్చి బెంచీల మధ్యల నిలబడ్డది. చేతిసంచిల పాల డబ్బ మూత కనపడుతనే ఉన్నది. సంధ్యారాణి ఆ మూతను చూసి చూడనట్టు చేసింది. "బాగున్నవా వదినా?" "బాగున్న వదినా." నర్సవ్వ వచ్చి రాంగనే గోడకు ఒరిగి మల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. సంధ్యారాణి ఆమెను బయట నల్లాకాడికి తీసుకపోయింది. సంపత్ చీటీ రాయించే వరుసల నిలబడ్డడు.

అప్పుడే పాప లేచింది. లేచిందంటే మామూలుగ లేవలే, ఆస్పత్రి మొత్తానికి తెలిసేటట్టు లేచింది. సిరిసిల్ల పిల్ల గదా.

"పట్టు కోడలా, పాలు పట్టు," అని మొగిలవ్వ రచనను మూలకున్న పచ్చ తెర వెనుకకు తీసుకపోయింది. పెండ్లయినంక అత్తాకోడండ్లు ఇద్దరే ఇంత దగ్గర నిలబడ్డది అదే మొదలు.

రచన పై చుట్టును కిందికి నొక్కింది. జరుగలే. రెండు చేతులతోని నొక్కింది. బట్ట చర్మాన్ని కొరుకుతున్నది గని కదులుతలేదు.

"అత్తమ్మా, కొంచెం వెనుక ముడి విప్పుండ్రి."

మొగిలవ్వ వీపు దిక్కు వచ్చి ముడి పట్టుకున్నది. గోర్లతోని లాగింది. "ఇదేం ముడి? మనిషి ఏసిందా, మిషను ఏసిందా?" అని ఆఖరుకు పండ్లతోని పట్టి గుంజింది. ముడి ఊడింది. ఇగ బట్ట రావట్టింది. ఎంత వచ్చినా ఇంకా వస్తున్నది. మొగిలవ్వ ఒకచోట నిలబడి గుంజుతుంటే రచన బొంగరం లెక్క తిరిగింది. పాపను అక్కడున్న మంచం మీద పండవెట్టిన్రు గని, లేకుంటే పాప గూడ తిరిగేది.

"ఇంత బట్టల మా ఇంటి కిటికీలన్నిటికీ పరదాలయితయి గద!" అన్నది మొగిలవ్వ.

ఆఖరు చుట్టు ఊడంగనే రచన ఛాతీ నిండ ఊపిరి పీల్చింది. ఎన్ని దినాల నుంచి ఇట్ల పీల్చలేదో యాదికి రాలే. పీల్చి విడిచిందో లేదో, పాప ఏడుపు చెవుల పడంగనే, ఎవ్వరు ముట్టకుంటనే ఎడమపక్క పాలు చేపినయి. టపటప కారి నేల మీద పడ్డయి. కుడిపక్క గూడ ఒక చుక్క వచ్చింది. ఒక్క చుక్కనే, గని వచ్చింది.

రచన తల వంచి చూసుకున్నది. కుడి రొమ్ము పక్కపొంటి, చంక నుంచి అడ్డంగ, బట్ట అంచు దిగబడ్డ గీత. ఎర్రగ, లోతుగ. గీతకు ఇవుతల మెత్తగ ఉన్నది. గీతకు అవుతల గడ్డ. పొలంల కాలువకు అడ్డం మట్టి పోస్తే నీళ్లు ఎక్కడ ఆగుతయో, సరిగ్గ అక్కడ.

తల ఎత్తి అత్తను చూసింది. మొగిలవ్వ గూడ ఆ గీతనే చూస్తున్నది.

రచన గీత కనపడకుంట చేయి అడ్డం పెట్టబోయింది. కోడలి పుట్టింటోళ్లు గోకరకాయ పెట్టకున్నా పెట్టిన్రన్న మనిషి ఈమె. ఇప్పుడు నిజమైన తప్పు, కంటి ముందర, గీత గీసి దొరికింది. పాప పెండ్లి దాక చెప్పుకోవచ్చు. కానీ మొగిలవ్వ ఏమీ అనలే. బట్టను మడత పెట్టుకుంట, మొహం అటు తిప్పుకున్నది. అత్త తిట్టకపోయేసరికి రచనకు అసలుకే గడబిడయింది. తిడితే ఏం చెయ్యాల్నో తెలుసు. తిట్టకుంటే ఏం చెయ్యాలె?

లోపలికి పిలుపు వచ్చింది. నల్లాకాడికెళ్లి నర్సవ్వ, సంధ్యారాణి గూడ వచ్చి చేరిన్రు. డాక్టరమ్మ తెల్లజుట్టు మనిషి. చేతులు కడుక్కొని, రచన ఒంటిని చూసి, గీత మీద మెల్లగ వేలు పెట్టింది.

"ఇక్కడ ఏమన్న బిగుతుగ కడుతున్నరా?"

నర్సవ్వ వాంతులు చేసుకొని మొహం పీక్కపోయి, గోడకు ఒరిగి ఉన్నది. ఆ చేతులు ఎంతమందికి కట్టినయో, ఎంతమంది ఆ చేతులకు మొక్కిన్రో రచనకు తెలుసు. పక్కన అత్త ఉన్నది. చెప్తే బాపమ్మ పరువు పోతది, చెప్పకుంటే రేపు మల్ల గోడకు కాళ్లు తన్నుతది.

"జాకెట్టు బిగుతయింది మేడం," అన్నది రచన. పాపం సయీదా బేగం. చేయని తప్పు ఆమె నెత్తి మీద పడ్డది.

డాక్టరమ్మ మొగిలవ్వ చేతులల్ల ఉన్న బట్ట మూటను చూసింది. "జాకెట్టుకు అంత బట్ట పట్టిందా?"

మొగిలవ్వ గొంతు సవరించుకున్నది. "నేనే మేడం. కట్టు గట్టిగ కట్టుండ్రి, మాకు కోడలి పొట్ట జారద్దు అని నర్సవ్వత్తకు నేనే ఫోన్ల చెప్పిన. ఒక్కసారి గాదు, శానసార్లు చెప్పిన."

అత్త గీతను చూసి మొహం ఎందుకు తిప్పుకున్నదో రచనకు అప్పుడు తెలిసింది. తెలిసి ఊపిరి తీసుకునే లోపల, గోడకు ఒరిగిన నర్సవ్వ లేచి నిటారుగ నిలబడ్డది.

"ఏందీ? నువ్వు చెప్తె నేను కట్టిన్నా?" అన్నది. "నా కట్టు సంగతి నాకు ఒకలు చెప్పాల్నా? నీ ఫోను రాకముందు నుంచే కడుతున్న నేను. గా గట్టితనం నాది!"

"గది గాదు అత్తా, నేను చెప్పవట్టే గద నువ్వు..."

"నువ్వు చెప్పకున్నా గంతే కడుదు. నీ మాట మీద కట్టిన కట్టు గాదది!"

తప్పు ఎవరిదన్న కొట్లాటలు రచన చాన చూసింది. తప్పు నాదంటే నాదని ఇద్దరు పెద్దమనుషులు గుంజుకునుడు ఇప్పుడే చూసింది. నర్సవ్వకు అది తప్పన్న సంగతి ఇంకా చేరలే, పనితనంల వాటా అడుగుతున్నరనే అనుకుంటున్నది.

"ఎవరు కట్టిన్రో నాకవసరం లేదమ్మా," అన్నది డాక్టరమ్మ. "ఆ బిగుతుకు లోపల పాలు వచ్చే దారి మూసుకపోయింది. అందుకే గడ్డ, అందుకే జొరం. ఇగనుంచి ఛాతీ మీద బట్ట కట్టద్దు. పొట్టకు కట్టుకుంటనంటే కట్టుకో గని, చేయి సులువుగ దూరేంత వదులుగుండాలె."

"వదులుగ కట్టుడు నాకు రాదు మేడం," అన్నది నర్సవ్వ. ఇప్పుడు సంగతి చేరింది. గొంతు పుట్టినకాడికెళ్లి మొదటిసారి చిన్నగ వచ్చింది.

సంధ్యారాణి మెల్లగ అడిగింది. "మరి జొరం ఉన్నది గద మేడం, ఆ పక్క పాలు పాపకు..."

"పాలకు జొరం రాదమ్మా. ఆ పక్కనే ఎక్కువ తాపాలె. ఆపితే గడ్డ పెరుగుతది, చీము పట్టినా పడుతది. గోలీలు రాస్తున్న, ఇవి వేసుకుంట పాలియ్యచ్చు. పట్టే ముందు గోరువెచ్చటి నీళ్లల్ల ముంచిన గుడ్డ పెట్టు. పట్టినంక చల్లటి గుడ్డ. గట్టిగ పిసుకద్దు. దాహమైనప్పుడల్ల నీళ్లు తాగు. రెండు రోజుల్ల జొరం తగ్గకుంటే ఆగకుంట మల్ల రావాలె." నీళ్లు అన్నకాడ సంధ్యారాణి నేల చూసింది.

డాక్టరమ్మ పాపను తీసి రచన ఒళ్ల పెట్టింది. పాప ఎప్పటి లెక్కనే మొన కొసను పట్టబోయింది. "ఆగు. పగుళ్లు ఇందుకే అయితున్నయి. మొన ఒక్కటి పడితే నీకు నొప్పి, దానికి పాలు రావు. పెదవికి తాకించు. ఆవులించినట్టు పెద్దగ నోరు తెరిచేదాక ఆగు. ఇప్పుడు! నువ్వు వంగకు, పాపను నీ దిక్కు తెచ్చుకో. చుట్టున్న నల్లటి భాగం గూడ లోపలికి పోవాలె. పాప గడ్డం నీ రొమ్ముకు ఆనాలె."

మొదటిసారి కుదరలే. డాక్టరమ్మ చిటికెన వేలు మెల్లగ పాప నోటి కొసకు పెట్టి విడిపించింది. రెండోసారీ కుదరలే. తర్వాత పాప విసిగి, నోరు ఇంత పెద్దగ తెరిచింది. అప్పుడు పట్టు కుదిరింది.

"పాలు తక్కువైనయా మేడం? డబ్బ పాలు పట్టాల్నా?" అన్నది రచన. ఆ మాట తన నోటికెళ్లే వస్తదని ఆమె గూడ అనుకోలే.

"పాప బరువు బాగనే పెరిగింది. తక్కువేం లేవు. అవసరముంటే నేనే చెప్త, అందుల తప్పేమీ లేదు." డాక్టరమ్మ కండ్లద్దాలు పైకి జరుపుకున్నది. "నీకేం కావాలె?"

నీళ్లు తాగాల్నా, గోకరకాయ తిన్నవా, ఫుట్‌బాల్ లెక్క పట్టినవా అని అందరు అడిగిన్రు. ఇది మాత్రం ఎవ్వరు అడుగలే. అడుగని ప్రశ్నకు జవాబు తయారు చేసుకొని ఎవరుంటరు?

"నేనే ఇయ్యాలె మేడం," అన్నది. "గని ఏడువకుంట ఇయ్యాలె."

"కొన్ని రోజులు పడుతది," అన్నది డాక్టరమ్మ.

తిరిగి పోయేటప్పుడు మొగిలవ్వ గూడ కారెక్కింది. పాపను చూసుకోవటానికి నాలుగు దినాలు సిరిసిల్లల ఉంటనన్నది. ఇది శిక్షనా, సాయమా అన్నది రచనకు తేలలే. నర్సవ్వ ముందు సీట్ల కూసున్నది. సంపత్ దారిపొడుగుత మెల్లగ నడిపిండు. ఎంత మెల్లగంటే, మల్యాల కాడ ఒక ట్రాక్టరు హారను కొట్టుకుంట దాటిపోయింది.

"ఇంత మెల్లగ పోతే గూడ తిప్పుతది," అన్నది నర్సవ్వ.

"వదినా, మరి ఈ డబ్బ ఏం చేద్దం?" అన్నది మొగిలవ్వ కాళ్లకాడి సంచిని చూసుకుంట.

సంధ్యారాణి నోరు తెరిచేలోపల రచన అందుకున్నది. "మీ చేతులల్లనే ఉండనీయిండ్రి అత్తమ్మా. డాక్టరమ్మ అవసరమన్ననాడు మీరే పట్టుండ్రి. అప్పటిదాక మీ కొడుకుకు చాయ్‌ల పోయిండ్రి. వీడియోలు చూసి చూసి బలం తగ్గింది."

మొగిలవ్వ కోడలి దిక్కు చూసింది. ఇది ఎగతాళా, మర్యాదనా అని ఆమె కొంచెంసేపు ఆలోచించింది. ఆలోచనల పడ్డ అత్త ఎట్లుంటదో రచన అప్పుడే చూసింది, బాగనే ఉన్నది.

పాప లేచింది. సంపత్ రోడ్డు పక్కకు వేపచెట్టు నీడల కారు ఆపి దిగి, కిటికీకి వీపు అడ్డం పెట్టి నిలబడ్డడు. రచన ఎడమపక్కకు తిప్పబోయి, ఆగి, పాపను కుడిపక్కకు తెచ్చుకున్నది. పెదవికి తాకించింది. పాప మొన కొసను అందుకోబోయింది. వెనక్కి తీసింది. పాప కోపానికి వచ్చింది. కారుల అందరు ఒక్కసారే మొదలుపెట్టిన్రు.

"తల కింద చేయి పెట్టు."

"తల కింద గాదు వదినా, మెడ కింద."

"పాపకు గాలి ఆడనియ్యుండ్రే."

"పెద్దగ తెరువాలన్నది గద మేడం, ఇంకా పెద్దగ!"

పాప పెద్దగ తెరిచింది. రచన దగ్గరికి తీసుకున్నది. గడ్డకాడ కలుక్కుమన్నది, కాలివేళ్లు ముడుచుకున్నయి. ఒక గుక్క, రెండు గుక్కలు. తర్వాత పాప గొంతుల గుటుక్ గుటుక్ అని చప్పుడు వినపడ్డది. అంతమంది ఒర్రేటోళ్లు ఒకేసారి ఊకున్నరు.

"ఇంకా నొత్తాందా?" అని బయటికెళ్లి, వెనక్కి తిరుగకుంట అడిగిండు సంపత్.

రచన ఆలోచించింది. నొస్తున్నది. పొద్దున నొచ్చినట్టు మాత్రం నొస్తలేదు. ఈ రెంటి నడుమ ఉన్నదానికి ఏం పేరో ఆమెకు తెలువలే.

"ఏమో. మాట్లాడకు," అన్నది. "తాగుతాంది."